లోహము వ్రాసికొను పద్దు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్ల గ్రంథాలయోత్సవమున నేను కావ్యప్రసంగము చేయుదునని మీరెల్లరు తలచియుందురు. నేను తెచ్చినది ఈ విరిగిన ఇనుప కొక్కెము. మా యింట మనుమరాలి ఉయ్యాల దీనికే వ్రేలాడెడిది. వంకర పోయిన పాత కడ్డీ నొకదానిని సుత్తితో చక్కజేసి, మరల వంచి, దూలమునకు బిగించినవాడను నేనే. మూడవ మాసమున అది పుటుక్కున విరిగెను. క్రింద బొంత యుండుటచే బిడ్డకు దెబ్బ తగులలేదు. కడ్డీ త్రుప్పు పట్టలేదు, సన్నగిల్లలేదు, బరువును హెచ్చలేదు. మరి యేల విరిగెను? ఆ ప్రశ్న నన్ను కావ్యముల నుండి లోహశాస్త్రమునకు ఈడ్చుకొని పోయెను.

తీగను కొంచెము వంచి విడిచిన యథాస్థితికి వచ్చును. హద్దు దాటి వంచిన రాదు. ఆ వంపు నిలిచిపోవును. దీనిని ప్లాస్టిక్ వికృతి యందురు. మన ప్లాస్టిక్ బిందెలతో దీనికి పని లేదు. వింత యేమనగా, అట్లు వంగిన లోహమును ఇంకను వంచుటకు మునుపటికంటె హెచ్చు బలము కావలెను. గట్టిపడినది గదా, మంచిదే యని మనము సంతసింతుము. నేనును అట్లే సంతసించితిని.

1945లో అమెరికా దేశీయుడు హాలొమన్ ఈ గట్టిదనమునకు చిన్న సూత్రము కట్టెను. సాగుదల కొలతకు ఒక ఘాతమును పెట్టి, ఆ యా లోహమునకు తగిన స్థిరాంకముచే గుణించిన, దానిని ఇంకను సాగదీయుటకు వలయు ప్రతిబలము వచ్చును. ఆ ఘాతము మెత్తని రాగికి సుమారు 0.5, మెత్తని ఉక్కుకు సుమారు 0.26. లెక్కలు వ్రాయువాడను గనుక ఇందలి కిటుకు నాకు వెంటనే పట్టువడెను. ఆ ఘాతమే లోహము చేతిలోని రొక్కము. కడ్డీని లాగునపుడు, సంవర్గమాన పద్ధతిని కొలిచిన సాగుదల ఆ అంకెను చేరువరకు కడ్డీ అంతటను సమముగ సాగును. చేరగనే ఒకచోట నడుము సన్నగిలి తెగుటకు సిద్ధపడును. 0.5 గల రాగిలో మునుపే 0.3 ఖర్చు చేసినచో మిగులు నిలువ 0.2 మాత్రమే. బలము జమవైపు పెరుగుచుండ, సాగుదల ఖర్చువైపు కరిగిపోవుచుండును. నేను జమ చూచి మురిసితిని, ఖర్చు చూడనైతిని.

ఈ పద్దు లోహమున ఎచట వ్రాయబడును? 1934లో టేలర్, ఒరోవాన్, పొలాన్యీ అను మువ్వురు వేర్వేరుగ ఒకే సమాధానము చెప్పిరి. మీరు కూర్చున్న జంపఖానాను చూడుడు. మొత్తముగ లాగుట కష్టము. ఒక చివర ముడుత లేపి దానిని నెట్టుకొని పోయిన సులభముగ జరుగును. లోహములోని అణువుల వరుసలును ఇట్టి ముడుతలతోనే జరుగును. వానికి డిస్లొకేషన్లని పేరు. లోహమును సాగగొట్టిన కొలది అవి పుట్టి పెరిగి, ఒకదానికొకటి అడ్డుపడును. ఆ అడ్డే గట్టిదనము. కాల్చి మెల్లగ చల్లార్చిన లోహపు ఒక్క ఘన సెంటీమీటరులో వీని మొత్తము పొడవు పది కిలోమీటర్లు ఉండవచ్చును. మిక్కిలిగ సాగగొట్టినచో కోటి కిలోమీటర్ల వరకు పోవును. చిత్రగుప్తుడైనను ఇంత సన్నని వ్రాత వ్రాసియుండడు!

పెంబర్తి వంటి చోట్ల ఇత్తడి రేకు మలచువారు, రేకు మొండికెత్తగనే దానిని కాల్చి మెత్తపరచి మరల సుత్తి పట్టుదురు. అది పాత పద్దు కొట్టివేసి క్రొత్త చిఠ్ఠా తెరచుటయే.

అయినను లెక్క అంత సులభము కాదు. ఒకవైపు వంచిన లోహము ఎదురువైపునకు త్వరగ లొంగునని పందొమ్మిదవ శతాబ్దమున జర్మనీలో బౌషింగర్ కనుగొనెను. కావున ఎంత వంగెనన్నది చాలదు. ఏ దిక్కునకు వంగెనన్నదియు వ్రాయవలెను. 1966లో ఇంగ్లండున ఆర్మ్‌స్ట్రాంగ్, ఫ్రెడరిక్ అను ఇరువురు క్రొత్త వంపును కలుపుచు, పాతదానిలో కొంత కొంత తీసివేయుచు పోవు ఖాతా నొకదానిని కల్పించిరి. వంచి, చక్కజేసి, మరల వంచిన నా కొక్కెము ఆ ఖాతాలోనిదే.

వేడిలో కొట్టునపుడు మరియొక చిక్కు. నిజామాబాదు జిల్లా కోనసముద్రమున పూర్వము మూసలలో చేసిన ఉక్కును పారశీక వర్తకులు కొనిపోయెడివారు. అట్టి ఉక్కున కర్బనము నూటికి సుమారు ఒకటిన్నర పాలు. ఐరోపా కమ్మరులు తమ అలవాటు చొప్పున తెల్లగ కాల్చి కొట్టగా అది ముక్కలై పోయెడిది. ఎరిగిన కమ్మరి నిప్పు రంగు చూచి వేళ గుర్తించును. ఆ గుర్తింపునే 1984లో వై.వి.ఆర్.కె. ప్రసాద్ గారును సహచరులును పటములుగ గీచిరి. వేడి యొక దిక్కు, వడి యొక దిక్కు. లోహము క్షేమముగ మలగు తావులు, పగులు తావులు అందు కనబడును. మన గ్రామపు నక్షాలో మాగాణి, మెట్ట, బంజరు చూపినట్లే!

ఇక మన ఊరి మాట. పాత యిండ్లు కూల్చి, వంకర కడ్డీలను సుత్తితో చక్కజేసి, క్రొత్త కప్పులలో వేయుట చూచుచున్నాను. ఆ కడ్డీల నిలువ ఎంతయో ఎవరును అడుగరు. కాల్చినచో సరిపోదా యందురు. పాత మెత్తని గుండు కడ్డీకి సరే, నేటి టి.ఎం.టి. కడ్డీకి పైపొరను నీటితో హఠాత్తుగ చల్లార్చి బలము కల్పింతురు, ఎర్రగ కాల్చిన అది పోవును.

ఉయ్యాలకు క్రొత్త కడ్డీ తెచ్చి, ఒక్కమారే, వెడల్పుగ వంపించితిని. విరిగినది ఈ మేజాపై నుండును. వంపు లోపలివైపున పగులు మొదలైన చోటును పిల్లలు చేతితో తడిమి చూడవచ్చును.