పాప పెళ్లిలో మజ్జిగ ఎందుకు పోయలేదు?

(మండల రైతు సభలో అనంతపురం జిల్లాకు చెందిన మా సంఘం కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)



నన్ను వేరుశనగ ధర గురించి మాట్లాడమని పిలిచారు. ఆ సంగతికే వస్తాను. దానికంటే ముందు నా మీదున్న ఫిర్యాదుకు జవాబు చెప్పుకోవాలి. మాఘమాసంలో మా పాప పెళ్లికి మీలో చాలామంది వచ్చినారు. భోజనంలో పెరుగు లేదు, మజ్జిగ లేదు, నెయ్యి లేదు. మాంసం సంగతి సరేసరి. "పాల ధర కోసం రోడ్డు మీద పాలు పారబోసి ధర్నా చేసిన మనిషి, బిడ్డ పెళ్లిలో గ్లాసు మజ్జిగ పోయలేదు" అని ఊరంతా అనుకున్నారు. మన సంఘంలోనూ అన్నారు. ఎదురుగా అడిగినోళ్లు ఇద్దరే. మిగిలినోళ్లకు కూడా ఈ రోజు ఇక్కడే చెప్తాను.

మా పాప బెంగుళూరులో ఉద్యోగం చేస్తుంది. మూడేండ్లుగా పాలు, పెరుగు ముట్టదు. దాన్ని వీగన్ అంటారంట. 1944లో ఇంగ్లండులో పుట్టిన మాట. మాంసం, గుడ్డు ఒక్కటే కాదు, పాలు, నెయ్యి, తేనె, జీవం నుంచి వచ్చేది ఏదీ తినకపోవడం. మన దేశంలో 2022లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఈ తిండికి వేరుగా నిబంధనలు కూడా తెచ్చింది. అల్లుడుదీ అదే పద్ధతి. "నాయనా, మా పెళ్లిలో వడ్డించేదంతా అట్లే ఉండాల" అని పాప ఫోన్లో చెప్పింది.

నాకు కోపం వచ్చింది. దాయడం ఎందుకు? నాకున్నది నాలుగెకరాల మెట్ట. వానొస్తే చెనక్కాయ, రాకపోతే అప్పు. ఆ పిల్ల ఇంటర్ ఫీజు, ఇంజినీరింగ్ ఫీజు, హాస్టల్ బిల్లు కట్టింది చెనక్కాయ కాదు, మా ఇంటి రెండు ఎనుములు. పదిహేను రోజులకొకసారి వచ్చే పాల బిల్లు. "ఎవరి పాలు తాగి ఇంతదానివి అయినావు, ఎవరి పాల డబ్బుతో చదువుకున్నావు?" అని అడిగినాను.

ఆ పిల్ల అరవలేదు. "నాయనా, గంగ దూడ యాదికుందా?" అనింది.

గంగ అంటే మా పాత ఎనుము. పాపకు పదేండ్లప్పుడు అది దున్నదూడను ఈనింది. ఆ ఏడు కరువు. దాణా బస్తా ధర పెరిగింది, పాల ధర పెరగలేదు. దూడకు ఒక్క గుక్క వదిలి చేపు రాగానే పక్కకు లాగి కట్టేసేవాణ్ణి. నెల తిరక్కుండా దూడ చచ్చిపోయింది. దూడ లేకపోతే ఎనుము చేపదు. అందుకని దూడ తోలులో గడ్డి కుక్కి, కుట్టించి, గంగ ముందర నిలబెట్టినాను. గంగ దాన్ని నాకుతుంటే నేను పాలు పితికినాను. ఆ పొద్దు చెంబు పట్టుకుని నా పక్కన నిలబడింది మా పాపే.

నేనది మర్చిపోయినాను. పాప మర్చిపోలేదు.

ఇక్కడ కూర్చున్న మనలో ఎనుములు మేపినోళ్లందరికీ ఈ సంగతి తెలుసు. ఎవరమూ సభల్లో చెప్పుకోం. ఆడదూడ పుడితే బెల్లం పంచుతాం, దున్నదూడ పుడితే మొగం మాడ్చుకుంటాం. మనం రాక్షసులమని కాదు. లెక్క చూడండి. దూడకు రోజుకు రెండు లీటర్లు వదిలితే మూడు నెలలకు 180 లీటర్లు. లీటరు 50 రూపాయలు అనుకున్నా 9,000 రూపాయలు. పెరిగి పెద్దదైతే ఆ దున్నపోతుతో పనేముంది? మడక దున్నేది ట్రాక్టరు, బండి లాగేది ఆటో. ఆ 9,000 మనకెవరిస్తారు? కేంద్రంలో వెన్న శాతం చూస్తారు, ఎస్‌ఎన్‌ఎఫ్ చూస్తారు. దూడ కడుపు నిండిందా అని చూసే మిషన్ లేదు. పాలు చవగ్గా కావాలనే పట్నంలో ఆ లోటు పడేది దూడ మీద, ఆ పాపం పడేది మన మీద.

కాబట్టి పాపకు నేను జవాబు చెప్పలేకపోయినాను. "సరే" అన్నాను. ఇంక నా షరతు నేను పెట్టినాను.

ఎందుకంటే పాప స్నేహితులు పంపిన జాబితా చూసినాను. బాదం పాల డబ్బాలు, ఓట్స్ పాల డబ్బాలు, మాంసం మాదిరి ఉండే ఐసు పెట్టిన ప్యాకెట్లు. మనకొచ్చే బాదంలో ఎక్కువ భాగం అమెరికాలోని కాలిఫోర్నియాది. ఇంకో పక్క మా వంటమేస్త్రీ రాసిచ్చిన చీటీలో మొదటి పద్దు పామాయిల్ మూడు డబ్బాలు. పామాయిల్ కూడా చెట్టుదే, వీగనే. అది ఇండోనేషియా, మలేషియాల నుంచి ఓడల్లో వస్తుంది. మన దేశం తినే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. ఆ నూనె ధర తగ్గితే ఇక్కడ మన చెనక్కాయ ధర మీద కూడా ఒత్తిడి పడుతుంది. అట్లాంటిది, అనంతపురం జిల్లాలో చెనక్కాయ రైతు పెళ్లికి పామాయిలు!

"పాపా, పాలు వద్దన్నావు, ఒప్పుకుంటా. దూడకు జాలి పడినావు కదా, రైతుకు కూడా పడు. పెళ్లిలో ప్యాకెట్ ఒక్కటి రాకూడదు. ప్రతి గింజా మన చుట్టుపక్కల పండినదే కావాల, మద్దతు ధరకు తగ్గకుండా కొనాల" అన్నాను. అల్లుడు ఆ పొద్దే లెక్క రాసుకున్నాడు.

2025–26కు వేరుశనగ మద్దతు ధర క్వింటాలు 7,263 రూపాయలు. కందులు 8,000. రాగులు 4,886. ఈ ధరలు మనం పేపర్లో చదువుకునేదే గానీ కల్లంలో చూసేది తక్కువ. నా కాయలు ఈ ఏడు 5,600కు పోయినాయి. పెళ్లికి మా ఊళ్లో నలుగురు రైతుల దగ్గర తలా ఒక మూట, మొత్తం 160 కిలోల కాయ మద్దతు ధరకు కొన్నాం. 11,600 పైచిలుకు అయింది. వలిస్తే 110 కిలోల గింజ. గానుగ ఆడిస్తే 45 కిలోల నూనె వచ్చింది. మూడు డబ్బాల పామాయిలుకు సరిగ్గా సరిపోయింది. ఖర్చు దాదాపు రెట్టింపు. కానీ చెక్క మా ఎనుములకు వచ్చింది, మిగిలింది ఊళ్లోనే ఉంది. కందిబేడలు 20 కిలోలు, కొర్రలు, రాగులు, అలసందలు, బెల్లం, చింతపండు, కూరగాయలు అన్నీ అట్లే కొన్నాం.

ఇంక ఏం వండినామో తిన్నోళ్లు చెప్పాల. పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జి. మధ్యాన్నం చిత్రాన్నం, అలసంద వడలు, రాగి సంగటి, ఊరుబిండి, గుత్తి వంకాయ, అనపగింజల కూర, మామిడికాయ పప్పు, ఉలవచారు, కొర్రన్నం, నూనెతో కాల్చిన ఓళిగలు, కొబ్బరిపాలు పోసిన పెసరబేడల పాయసం. ఇందులో ఇంగ్లండు నుంచి వచ్చిందేమైనా ఉందా? మా అవ్వ కాలంలో కూలి చేసుకునే ఇండ్లలో నెయ్యి పండక్కు కూడా చూసేవాళ్లు కాదు. సంగటి, ఊరుబిండి, ఉలవకట్టు, ఇంతే. పేరు లేకుండా ఆ పేదోళ్లు తిన్న తిండికి ఇప్పుడు పట్నంలో పేరు పెట్టి రేటు పెట్టినారు.

అన్నీ సాఫీగా జరిగినాయని చెప్పను. పాప పట్టుచీర కట్టనంది. పట్టు కోసం పురుగులను వేడినీళ్లలో వేస్తారని. మా బావమరిది హిందూపురం పక్కన మల్బరీ వేసి పట్టుపురుగులు పెంచుతాడు. "నా మేనకోడలికి నా గూళ్లు పనికిరాలేదా?" అని బాధపడినాడు. ధర్మవరం చీర కొనాలని మా ఇంటామె ఐదేండ్లుగా చీటీ కట్టింది. ఆమె కండ్లనీళ్లు పెట్టుకుంది. చివరికి పాప నూలుచీర కట్టుకుంది, ఆమె ధర్మవరం చీర తను కట్టుకుంది. హోమానికి నెయ్యి లేకుండా కుదరదని అయ్యవారు అంటే, ఆ చిన్న గిన్నెడు నెయ్యికి పాప ఒప్పుకుంది. ఎవరి మాటా పూర్తిగా నెగ్గలేదు. సంసారాలు అట్లే నడుస్తాయి.

పెద్ద తప్పు ఒకటి చేసినాను. అది నాదే. వచ్చేవాళ్లకు ముందుగా చెప్పలేదు. పెరుగు బదులు చెనగ్గింజల పాలు తోడేసి పెట్టినాం. మా అమ్మకు ఎనభై దాటినాయి. రెండు ముద్దలు కలుపుకుని, "పుల్లగా ఉంది గానీ ఇది పెరుగు కాదురా నాయనా" అనింది. అయినా తినింది. మా పెద్దనాయన మాత్రం విస్తరి ముందు అట్లే కూర్చుని మజ్జిగ కోసం చూసినాడు. లేదని తెలిసి, ఏమీ అనకుండా లేచి, చేయి కడుక్కుని ఇంటికి పోయి మజ్జిగన్నం తిన్నాడు. పెరుగన్నం పడకపోతే ఆయనకు భోజనం అయినట్టు కాదు. ఇల్లు పక్కనే కాబట్టి సరిపోయింది. దూరం నుంచి వచ్చినోళ్లు ఏం చేసినారో నాకు తెలియదు. మన నమ్మకం మన విస్తట్లో పెట్టుకోవచ్చు. ఎదుటి మనిషి విస్తట్లో పెట్టేముందు ఆయనకు ఒక మాట చెప్పాల. ఇంకో పెళ్లి చేస్తే పందిట్లో ఒక మూల మజ్జిగ కుండ పెడతాను. పాప ఇప్పటికీ దీనికి ఒప్పుకోదు. ఇద్దరం అట్లే ఉన్నాం.

ఇంకొక మాట స్పష్టంగా చెప్పాల. దూడ మీద నా బిడ్డకున్న జాలి వేరు, జాలి పేరుతో రైతు మీద పెట్టే ఆంక్షలు వేరు. 2017 మే నెలలో కేంద్రం, సంతల్లో వధ కోసం పశువులను అమ్మకూడదని నిబంధనలు తెచ్చింది. ఎనుములను కూడా కలిపింది. మద్రాసు హైకోర్టు ఆపితే, ఆ స్టేను జూలైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ వర్తింపజేసింది. వట్టిపోయిన ఎనుమును అమ్ముకోనీయరు, మేపడానికి రూపాయి ఇవ్వరు. ఇదెక్కడి జాలి? మా పాప తన నోరు కట్టుకుంది, ఇంకొకరి నోటి మీద, ఇంకొకరి సంత మీద చేయి వేయలేదు. మాంసం తినేవాళ్లను తక్కువగా చూసే వాళ్ల చేతికి మన పెళ్లి భోజనం ఆయుధం కాకూడదు. ఈ సభలో పాడి రైతు ఉన్నాడు, గొర్రెల కాపరి ఉన్నాడు, కోళ్లు పెంచే అక్క ఉంది. అందరి బతుకూ మన సంఘం బాధ్యతే.

అందుకని నేను అడిగేవి నాలుగు.

ఒకటి, పాల ధరలో దూడ వాటా ఉండాల. దాణా ఖర్చు, మేత ఖర్చు, దూడకు వదిలే పాలు, వట్టిపోయిన నెలల మేపు, ఇవన్నీ కలిపి ధర కట్టమని డిమాండు చేద్దాం. మనసు ఉన్నా మేపలేని స్థితిలో రైతును పెట్టి, క్రూరుడని అనడం అన్యాయం.

రెండు, నూటికి 90 దాకా ఆడదూడలే పుట్టే సూదులు సబ్సిడీ మీద ఇస్తున్నారు. మా పక్క ఆవులకు దొరికినంతగా ఎనుములకు దొరకడం లేదు. ప్రతి పశువైద్యశాలలో ఎనుములకు కూడా ఉంచాల. చావడానికే పుట్టే దూడలు తగ్గుతాయి.

మూడు, వేరుశనగ, కంది, చిరుధాన్యాలు మద్దతు ధరకు కొనే కేంద్రాలు పంట కల్లంలో ఉండగానే తెరవాల. మనం అమ్ముకున్నాక కాదు. నూనె దిగుమతి సుంకం మన కోతల కాలంలో తగ్గించకూడదు.

నాలుగోది ప్రభుత్వాన్ని అడిగేది కాదు, మనల్ని మనం అడగాల్సింది. మన ఇండ్లలో పెళ్లిళ్లకు, దేవరలకు, దినాలకు వంటచీటీ రాసేటప్పుడు పామాయిల్ డబ్బా దగ్గర ఆగండి. మాంసం పెట్టండి, పెరుగు పెట్టండి, రెండూ మానండి, మీ ఇష్టం. నూనె మాత్రం మన గానుగది పోయండి, బేడలు మన రైతు దగ్గర కొనండి. నా ఒక్క పెళ్లితో నలుగురి మూటలు మద్దతు ధరకు పోయినాయి. మండలంలో ఏడాదికి ఎన్ని పెళ్లిళ్లు అవుతాయో మీరే లెక్కేసుకోండి.

చివరిగా ఒక మాట చెప్పి కూర్చుంటాను. పెళ్లయిన ఇరవై రోజులకు మా ఎనుము ఈనింది. మళ్లీ దున్నదూడే. ఇప్పుడు ఒక పక్క రెండు చన్నులు దానికే వదిలేస్తున్నాను. పూటకు లీటరు తక్కువ పోస్తున్నావని కేంద్రంలో అడుగుతున్నారు. ఎన్నాళ్లు వదలగలనో చెప్పలేను. ఈ నెల దాణా బాకీ అట్లే ఉంది. పాప ఫోన్ చేసినప్పుడల్లా ముందు దూడ ఎట్లుందని అడుగుతుంది. ఉందని చెప్తున్నాను. ఇట్లే చెప్పగలగాలంటే, అన్నల్లారా, అక్కల్లారా, పాల ధర పెరగాల. దానికోసం మళ్లీ రోడ్డెక్కాల్సి వస్తే నేను ముందుంటాను.

సెలవు.