కామెర్లకు కారణాలు రెండైనప్పుడు



యువ వైద్యులారా, రేపు మీ ఓపీకి కళ్లు పచ్చబడిన ఓ అమ్మాయి రావచ్చు. అప్పటికే పసరు మందు తాగి, పథ్యం చేసి ఉంటుంది. వాళ్లమ్మను కోప్పడకండి. నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తోందా అని అడగండి. ఎందుకంటే కామెర్లన్నీ కాలేయం నుంచే రావు.

యాంటీబాడీలు సొంత ఎర్రకణాలనే పగలగొట్టినా కామెర్లే, రోగనిరోధక కణాలు కాలేయం మీద పడినా కామెర్లే. మొదటిదాన్ని పట్టించే కూంబ్స్ పరీక్ష 1945లో వచ్చింది. ఎర్రకణాలతోపాటు ప్లేట్‌లెట్లూ నశించే జబ్బును 1951లో రాబర్ట్ ఇవాన్స్ వివరించారు. ఆ జబ్బుకు ఆటోఇమ్యూన్ హెపటైటిస్ కూడా తోడు కావచ్చు.

అప్పుడు ఒక జబ్బు ఇంకోదాని ఆనవాళ్లను కలగాపులగం చేస్తుంది. ఏఎస్‌టీ పెరిగితే కాలేయమే అనుకుంటాం; పగిలిన ఎర్రకణాల నుంచీ అది బయటికొస్తుంది. హాప్టోగ్లోబిన్ తగ్గితే కణాలు పగులుతున్నాయంటాం. దాన్ని తయారుచేసేదే కాలేయం కనుక, అది బాగా దెబ్బతిన్నా తగ్గుతుంది. ప్లేట్‌లెట్లు పడిపోవడానికి యాంటీబాడీలే కాదు, సిరోసిస్‌లో పెరిగిన ప్లీహమూ కారణం కావచ్చు. అందుకే బిలిరుబిన్‌లో డైరెక్ట్ ఎంతో, ఇండైరెక్ట్ ఎంతో విడిగా చూడండి. రెటిక్యులోసైట్లు, ఐజీజీ చూడండి. అవసరమైతే బయాప్సీకి వెనకాడకండి. కూంబ్స్ నెగటివ్ వచ్చిందా, విల్సన్ వ్యాధిని తప్పక వెతకండి. అందులో కణాలను పగలగొట్టేది రాగి. స్టెరాయిడ్లకు అది లొంగదు, ఆలస్యమైతే ప్రాణం పోతుంది.

నన్ను కలచివేసేది మరొకటి ఉంది. రక్తం డాక్టరు లివర్ డాక్టరుకు చూపించమంటారు, ఆయన మళ్లీ వెనక్కి పంపుతారు. ఫైలు చంకన పెట్టుకుని ఆసుపత్రి మెట్లన్నీ ఎక్కి దిగేది ఆ అమ్మాయి తండ్రి. ఆ పని ఆయనది కాదు, మీది. ఫోన్ తీసి అవతలి డాక్టరుతో మీరే మాట్లాడండి. ప్రెడ్నిసొలోన్ రెండు జబ్బులకూ వాడతాం. హిమోగ్లోబిన్ పెరిగిందని ఒకరు మోతాదు తగ్గిస్తే, ఇంకొకరికి తెలియకుండానే కాలేయం వాపు తిరగబెట్టవచ్చు. కనుక ఆ మోతాదు మార్చేది ఎవరో మీలో మీరు ముందే తేల్చుకోండి. ఆ పేరు, ఫోన్ నంబరు, మాత్రలు ఉన్నట్టుండి మానేయకూడదన్న మాట మందుల చీటీపై తెలుగులో, ఆ తండ్రి చదవగలిగేలా రాసివ్వండి.