సూక్ష్మజీవికి బుద్ధి ఉన్నదా?

మందులకు లొంగని రోగక్రిములను గురించి చెప్పుకొనేటప్పుడు, అవి మనకంటె తెలివి మీరినవని అనడం పరిపాటి. ముందుగా వాటికి ఈ అనర్హమైన గౌరవం తొలగించవలసి ఉన్నది. 1952లో లెడర్‌బర్గ్ దంపతులు ఒక పళ్లెంలో పెరిగిన బాక్టీరియాలను మఖ్మలు గుడ్డతో అద్ది, అచ్చు వేసినట్లు వేరొక పళ్లెంలోనికి మార్చి పరీక్షించారు. స్ట్రెప్టోమైసిన్ సోకనైనా సోకని వాటిలోనే ఏ కొన్నింటికో దానిని ఎదిరించే శక్తి ముందే ఉన్నదని తేలినది. మందు తగిలిన పిమ్మట ఉపాయం పన్నినది ఏదీ లేదు. తక్కినవి చావగా ఇవి మిగిలినవి, అంతే.

మరి తెలివి అనదగినది వాటిలో ఏమీ లేదా? మన పేగులలో నివసించే ఇ. కోలై అనే బాక్టీరియాను చూడండి. పొడవు మిల్లీమీటరులో సుమారు 500వ వంతు. మెదడు లేదు, నరం లేదు. సన్నని కశాభాలను త్రిప్పుతూ ఒక సెకండుపాటు తిన్నగా ఈదుతుంది. క్షణంలో పదవవంతు కాలం పొర్లి, ఏదో ఒక దిక్కుకు మళ్లుతుంది. ఆహారం చిక్కబడుతున్నకొద్దీ పొర్లడం మాని అదే దారిని పోతుంది. చిక్కబడుతున్నదని దానికెట్లా తెలిసినది? 1972లో మాక్నాబ్, కోష్లాండ్ అనే శాస్త్రజ్ఞులు బాక్టీరియాలను హఠాత్తుగా చిక్కని ఆహారద్రవంలో కలిపారు. అక్కడ అన్ని వైపులా ఒకటే చిక్కదనం. అయినా అవి కొంతసేపు పొర్లడం మానివేసినవి. అనగా, కొన్ని సెకండ్ల క్రిందటి రుచిని ఇప్పటి రుచితో పోల్చుకొంటున్నవన్నమాట! దీనిని జ్ఞాపకమనక తప్పదు. ఇదే బుద్ధి అనేవారున్నారు. బీజమంటే నేను ఒప్పుకొంటాను, వృక్షమంటే సంశయిస్తాను.

సంశయానికి కారణం 1969లో ఆడ్లర్ చేసిన ప్రయోగం. పాలచక్కెరలో భాగమైన గాలక్టోజును జీర్ణించుకొనే శక్తి లోపించిన బాక్టీరియాలను ఆయన తీసుకొన్నారు. సన్నని గాజుగొట్టంలో గాలక్టోజు పోసి ఉంచితే, అవి కూడా అందులోనికి వెళ్లినవి. రుచి వేరు, పోషణ వేరు. రుచి పిలిచినది, వెళ్లినవి.

మనమూ సాకరిన్ తియ్యదనానికి మోసపోతాము గదా అని కొందరు శ్రోతలకు తోచవచ్చును. నిజమే. కాని అది చక్కెర కాదని తెలిసిన పిమ్మటనే గదా, మధుమేహరోగి కాఫీలో దానిని కోరి వేస్తున్నాము!