విడాకుల కాగితంలో కనిపించని పీఎఫ్ డబ్బు

 

మీరిచ్చే జకాత్, సదఖా సొమ్ముతో రేషను, పిల్లల ఫీజులు అందుకునే వారిలో తలాక్ అయినవారు, ఖులా తీసుకున్నవారు ఉన్నారు. వారి కాగితాలు చూస్తుంటే ఒక సంగతి మళ్ళీ మళ్ళీ కనిపిస్తోంది. మెహర్ రాసి ఉంటుంది, ఇద్దత్ ఖర్చు రాసి ఉంటుంది. జహేజ్ సామాన్ల జాబితాలో బీరువా మొదలు గరిటెల దాకా లెక్క ఉంటుంది. భర్త ఏళ్ల తరబడి ఉద్యోగం చేసి కూడబెట్టిన పీఎఫ్, గ్రాట్యుటీ ఊసే ఉండదు. చివర్న మాత్రం ‘ఇక మా మధ్య ఏ లెక్కలూ లేవు’ అన్న ఒక్క వాక్యం!

అవి భర్త డబ్బులే కదా, అడగడమెలా అంటారు కొందరు. 1986 చట్టం ప్రకారం ఇద్దత్ లోపు న్యాయమైన, సముచితమైన ఏర్పాటు చేయాలి. ఆ ఏర్పాటు ఇద్దత్ తర్వాతి జీవితానికి కూడా సరిపోవాలని డానియల్ లతీఫీ కేసులో సుప్రీంకోర్టు 2001లో చెప్పింది. ఎంత ఇవ్వాలో తేల్చేటప్పుడు ఆమె అవసరాలతో పాటు మాజీ భర్త స్తోమతు కూడా చూడాలని చట్టంలోనే ఉంది. పీఎఫ్ పాస్‌బుక్ చూడకుండా స్తోమతు ఎలా తెలుస్తుంది? మన తెలంగాణ నుంచే వెళ్ళిన కేసులో, సాధారణ భరణం సెక్షన్ కింద కూడా ముస్లిం మహిళ అడగవచ్చని 2024 జూలైలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

పీఎఫ్ సంగతి గుర్తుంచుకుని రాసినవారు కూడా ఒక చోట పొరబడుతున్నారు. ‘పీఎఫ్‌లో సగం భార్యకు’ అని రాసి ఊరుకుంటారు. ఆ కాగితం పట్టుకుని పీఎఫ్ ఆఫీసుకు వెళితే పని జరగదు. ఖాతాలో ఉన్న సొమ్మును ఇంకొకరికి రాసివ్వడం కుదరదని, అప్పుల కోసం జప్తు చేయకూడదని 1952 పీఎఫ్ చట్టం పదో సెక్షన్ చెబుతోంది. అందుకని సగం, పావు అని కాకుండా ఇన్ని రూపాయలు, ఫలానా తేదీ లోపు, భర్తే చెల్లించాలి అని రాయించుకోవాలి. ఉదాహరణకు ఖాతాలో ఎనిమిది లక్షలుండి, మూడు లక్షలకు ఒప్పుకుంటే, ఆ మూడు లక్షలూ ఏ వాయిదాల్లో ఇస్తాడో, తప్పితే ఏం చేయాలో కూడా ఉండాలి.

ఇప్పటికే తప్పు రాసుకున్నవారి మాటేమిటి? కోర్టు డిక్రీలో అంకె తప్పు పడినా, కూడిక తప్పినా సివిల్ ప్రొసీజర్ కోడ్ 152వ సెక్షన్ కింద ఎప్పుడైనా సరిచేయమని అడగవచ్చు. ఇద్దరూ అనుకున్నది ఒకటి, కాగితంలో పడింది మరొకటి అయితే, ఇద్దరూ కలిసి అనుబంధ ఒప్పందం రాసుకోవడమే తేలిక. ఒకరు మొరాయిస్తే 1963 స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 26వ సెక్షన్ ఉంది. అయితే అసలు అనుకోనే లేని దానిని ఈ దారిలో చేర్చలేరు. మెహర్, ఇద్దత్ ఖర్చు తప్ప ఏ ఏర్పాటూ జరగనివారు మాత్రం 1986 చట్టం కింద మెజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆలస్యం చేసినకొద్దీ డబ్బు ఖర్చయిపోతుంది, ఉద్యోగం మారుతుంది, మనిషి దొరకడు.

నామినేషన్ సంగతి వేరు. విడాకులైన భార్య పీఎఫ్ స్కీము లెక్కలో కుటుంబం కిందకు రాదు, పిల్లలు వస్తారు. తండ్రి నామినేషన్ మార్చకపోతే రేపు ఆ పిల్లలే ఆఫీసుల చుట్టూ తిరగాలి. ఉద్యోగం చేసే మన చెల్లెళ్లు కూడా చూసుకోవాలి: ఖులా తీసుకుని ఏళ్లయినా వారి ఖాతాలో మాజీ భర్త పేరే ఉండిపోతోంది. గ్రాట్యుటీ నామినేషన్ విడిగా యజమాని దగ్గర మార్చాలి.

దాతలలో ఫ్యాక్టరీలు, షోరూములు నడిపేవారున్నారు. మీ సిబ్బందికి ఏడాదికోసారి నామినేషన్ సరిచూసుకోమని చెప్పండి. లాయరు ఫీజు భరించగలవారు ఒక్కో కేసుకు ముందుకు రండి. భర్త నుంచి రావలసినది వస్తే, ఆ ఇంటికి ఇచ్చే రేషను ఇంకో ఇంటికి చేరుతుంది. సంఘం ఆఫీసుకు వచ్చే అక్కచెల్లెళ్లు నికానామా, విడాకుల కాగితం, మెహర్ ముట్టిన రసీదు, భర్త పనిచేసిన కంపెనీ పేరు వెంట తెచ్చుకోవాలి.