గేరుబాక్సు విప్పమని ఎవరు చెప్పారు?

(దిల్‌సుఖ్‌నగర్‌లో జరిగిన స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల హక్కుల సమావేశంలో కారు రిపేరు గురించి మాట్లాడటమేమిటని కొందరికి అనిపించవచ్చు. కార్లున్నవాళ్ళ కష్టాలు కూడా ఒక కష్టాలేనా అని ఇక్కడికి వచ్చేముందు ఒక స్నేహితురాలు అడిగింది. న్యాయమైన ప్రశ్నే. అయితే దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాల్లో ఈరోజు కారు నడుపుతున్న స్త్రీలందరూ ధనికులు కారు. సెకండ్ హ్యాండ్ కారు వాయిదాల మీద కొనుక్కుని ఊరవతల కాలేజీకి వెళ్ళే లెక్చరర్ వుంది. రాత్రి డ్యూటీ చేసే నర్సు వుంది. తల్లిని వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కు తీసుకెళ్ళే కూతురు వుంది. క్యాబ్ తిప్పి సంసారం ఈదుతున్న స్త్రీ వుంది. 2018లో మెట్రో ఎల్.బి.నగర్ దాకా వచ్చింది గాని, అక్కడి నుంచి వనస్థలిపురం, హయత్‌నగర్ వెళ్ళవలసిన వాళ్ళ దారి అక్కడితో అయిపోదు కదా.

2015లో తెలంగాణ ప్రభుత్వం షీ క్యాబ్స్ పేరుతో స్త్రీలకు సబ్సిడీ మీద కార్లు ఇచ్చే పథకం పెట్టింది. చేతికి తాళాలిచ్చే ఫోటోలు మనం చూశాం. ఆ కారు గేరుబాక్సు పాడయిన రోజున ఆమె ఎవరి ముందు, ఏ షరతుల మీద నిలబడవలసి వస్తుందన్నది మాత్రం ఎవరూ ఆలోచించలేదు. నేనివాళ మాట్లాడాలనుకుంటున్నది ఆ షరతుల గురించే.

నా అనుభవమే చెబుతాను. ఈ రోడ్డు మీద ఆగి ఆగి కదిలే ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కీ తొక్కీ ఏడేళ్ళు నడిచిన నా కారుకి సెకండ్ గేరు పడటం కష్టమైంది. గ్యారేజీలో చూపిస్తే క్లచ్ ప్లేటు అరిగిందనీ, పన్నెండు వేలవుతుందనీ అన్నారు. సరేనన్నాను. రెండ్రోజుల తర్వాత ఫోనొచ్చింది. "మేడమ్, గేర్‌బాక్స్ విప్పినం. లోపల రింగులు పోయినయ్, బేరింగులు పోయినయ్. మొత్తం ముప్పై ఎనిమిది వేలైతది." గేరుబాక్సు లోపల విప్పమని నేను చెప్పలేదే అన్నాను. కాసేపు మౌనం. తర్వాత, "ఒక్కసారి సార్‌తోని మాట్లాడించండి మేడమ్" అన్నారు. అక్కర్లేదు, అలాగే బిగించి ఇచ్చెయ్యమంటే, బిగించడానికి ఎనిమిది వేలు లేబర్ ఇవ్వాలనీ, ఇచ్చినా బండి నడవదనీ చెప్పారు.

ఇక్కడ మనం తొందరపడి మెకానిక్ మోసగాడని తేల్చెయ్యకూడదు. క్లచ్ మార్చాలంటే సాధారణంగా గేరుబాక్సు కిందికి దింపాల్సిందే. దింపి, విప్పితేగాని లోపల రింగులూ బేరింగులూ ఏ స్థితిలో వున్నాయో పూర్తిగా తెలియదు. కాబట్టి మొదట చెప్పిన అంచనా పెరగడం దానంతటదే దగా కాదు. దింపడం వేరు, విప్పడం వేరు, కొత్త సామాను వెయ్యడం వేరు. ఈ మూడింటినీ కలిపి ఒక్క "సరే"లో ఇరికించడంలోనే అసలు సమస్య వుంది. విప్పకముందు ఆమె ఇంకో గ్యారేజీకి వెళ్ళగలదు, బేరమాడగలదు, వద్దనగలదు. విప్పాక కారు ముక్కలై షెడ్డులో వుంటుంది. ఒప్పుకున్న పనికి డబ్బు ఇచ్చేదాకా వస్తువుని తన దగ్గర పెట్టుకునే హక్కు 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షను పనివాడికి ఇస్తోంది. ఒప్పుకోని పని సంగతి వేరు. కాని ఏది ఒప్పుకున్నామో కాగితం మీద లేనప్పుడు ఆ తేడా నిలబెట్టడం కష్టం.

ఈ ఒప్పుకోలు ప్రశ్న మనకి కొత్తది కాదు. ఆస్పత్రుల విషయంలో ఎన్నాళ్ళుగానో దీనిమీద పోరాడుతున్నాం. 1995లో ఢిల్లీలో సమీరా కోహ్లీ అనే స్త్రీ జబ్బేమిటో తెలుసుకునే పరీక్ష కోసం సంతకం పెట్టింది. మత్తులో వుండగా, బయట కూచున్న తల్లి చేత సంతకం పెట్టించుకుని, గర్భసంచీ, అండాశయాలూ తీసేశారు. వినియోగదారుల కమిషన్ మీదుగా సుప్రీంకోర్టుకు చేరిన ఆ కేసులో 2008లో తీర్పు వచ్చింది. పరీక్షకి ఇచ్చిన అనుమతి చికిత్సకి అనుమతి కాదని కోర్టు స్పష్టం చేసింది. ఒక స్త్రీ శరీరాన్నీ ఒక ఇనప యంత్రాన్నీ ఒకే త్రాసులో పెట్టడం నా ఉద్దేశం కాదు. కాని తర్కం ఒకటే. చూడటానికి అనుమతి, చెయ్యడానికి అనుమతి కాదు. ఆమె బదులు ఇంకొకరు ఒప్పుకుంటే సరిపోదు. "సార్‌తోని మాట్లాడించండి" అన్న మాటలో వున్నది ఆ పాత అలవాటే.

స్త్రీలకి యంత్రాల గురించి తెలియకపోవటం వల్లే ఇదంతా అనేవాళ్ళున్నారు. అమెరికాలో మెగన్ బస్సీ, మరో ఇద్దరు పరిశోధకులు రెండువేలకు పైగా గ్యారేజీలకు ఫోన్లు చేయించి, ఒకే రిపేరుకి ధర అడిగించారు. ఎంతవుతుందో తనకి తెలియదన్నట్టు మాట్లాడిన స్త్రీకి, అలాగే మాట్లాడిన పురుషుడికంటే ఎక్కువ ధర చెప్పారు. "ఇంతవుతుందని విన్నాను" అని ఒక అంకె చెప్పి అడిగేసరికి స్త్రీ పురుషుల మధ్య తేడా పోయింది. అంటే ఇంజనీరింగ్ చదవనక్కర్లేదు. ధర తెలిస్తే చాలు. ఆ ధర మగవాళ్ళకి టీ బడ్డీల దగ్గర, ఆఫీసు స్నేహాల్లో తేలిగ్గా తెలుస్తుంది. మనకి అలాంటి చోటు లేదు. దాన్ని మనమే తయారుచేసుకోవాలి.

మరో సంగతి. షెడ్డులో నూనె గుడ్డలతో పనిచేసే కుర్రవాడికి ఈ ముప్పై ఎనిమిది వేలల్లో దక్కేదెంత? స్పేర్ పార్టుల ధరలు నిర్ణయించేది అతను కాదు. విడిభాగాలు బయటి మెకానిక్కులకి దొరక్కుండా చేస్తున్నారని 2014లో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. దానిమీద కంపెనీలు అప్పీళ్ళకు వెళ్ళాయి. మన కోపం షెడ్డు గుమ్మం దగ్గరే ఆగిపోతే, పైనున్న వాళ్ళు చల్లగా వుంటారు.

మరి ఏం చెయ్యాలి? బండి ఇచ్చేటప్పుడే ఒక కాగితం రాయించుకుందాం: ఏం పని, ఎంతకి, "నన్ను అడక్కుండా గేరుబాక్సు విప్పకూడదు, ఈ మొత్తం దాటకూడదు" అని. విప్పాలంటే విప్పి మళ్ళీ బిగించడానికి ఎంతో ముందే అడుగుదాం. విప్పాక పోయిన భాగాలు వెళ్ళి చూద్దాం, వీలుకాకపోతే ఫోటోలు పంపమందాం. మార్చిన పాత సామాను వెనక్కి అడుగుదాం. నేను అడిగాను. బిల్లులో నాలుగు బేరింగులుంటే సంచిలో రెండే వచ్చాయి. ఆ రెండింటి ధరా తగ్గించారు.

బిల్లు తప్పనిసరిగా తీసుకోవాలి. ఇవ్వకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అది అనుచిత వ్యాపార పద్ధతి. కారు వదలరని భయపడి కట్టవలసి వస్తే, అభ్యంతరంతో కడుతున్నానని రాసి కట్టండి. రెండేళ్ళలోగా జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చెయ్యొచ్చు. గ్యారేజీ ఎక్కడున్నా, మీరుండే జిల్లాలోనే వెయ్యొచ్చు. అయిదు లక్షల లోపు విలువకి ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. ముందుగా సలహాకి 1915 నంబరుంది. క్యాబ్ నడిపే స్త్రీలని "వాణిజ్య అవసరం" అంటూ వెనక్కి పంపబోతే, స్వయం ఉపాధితో బతకడానికి కొన్న వస్తువు ఆ మినహాయింపు కిందికి రాదని అదే చట్టంలో వుందని చెప్పండి.

చివరగా ఒక ప్రతిపాదన. మనలో కార్లున్నవాళ్ళం, క్యాబ్‌లు నడిపేవాళ్ళం మన రిపేరు బిల్లుల నకళ్ళు ఈ సంఘం ఆఫీసులో ఒక ఫైల్లో పెడదాం. ఏ బండి, ఏ పని, ముందు ఎంత చెప్పారు, చివరికి ఎంత తీసుకున్నారు. క్లచ్ సెట్టుకి ఎంత, గేరుబాక్సు దింపడానికి ఎంత అన్నది ఎవరికి కావలసినా వచ్చి చూసుకోవచ్చు. సరిగ్గా పనిచేసే మెకానిక్కుల పేర్లూ అందులో వుండాలి, వాళ్ళకీ మనవల్ల నాలుగు బళ్ళు రావాలి. మొదటి బిల్లు నేను తెచ్చాను. ఇవాళ వెళ్ళేలోగా ఫైలు బాధ్యత ఎవరు తీసుకుంటారో తేల్చుకుందాం.