పాఠశాల అన్న పేరు మిగిలిన దిబ్బ
(హిజ్లీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మనం సమావేశమైన ఈ హిజ్లీలో ఒక చెరసాల విద్యాలయమైంది. 1931 సెప్టెంబరు 16న నిర్బంధ శిబిరంలో జరిగిన కాల్పులలో సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా అమరులయ్యారు. ఆ శిబిర భవనంలోనే 1951లో ఐఐటి తరగతులు మొదలయ్యాయి. ఇక్కడికి దక్షిణాన, దాంతన్ సమీపంలోని మొఘల్‌మారి గ్రామంలో ఇందుకు విపర్యయంగా ఒక విద్యాలయం మట్టిదిబ్బ అయింది. నేటి ప్రసంగం దానిని గురించి.

ఆ దిబ్బను గ్రామస్థులు తరతరాలుగా ‘సఖీసేన పాఠశాల’ అని పిలిచేవారు. రాకుమారి సఖీసేన అక్కడ చదువుకుంటూ తన సహాధ్యాయిని వరించిందని జనశ్రుతి. 2003-04లో కలకత్తా విశ్వవిద్యాలయ ఆచార్యులు అశోక్ దత్తా నాయకత్వాన తవ్వకాలు ఆరంభం కాగా ఇటుక గోడలు, భిక్షువుల గదులు, గచ్చు శిల్పాలు వెలుగు చూశాయి. తరువాత లభించిన మట్టి ముద్రికలు అది మహావిహారమేనని చాటాయి. బుద్ధుని మరచిన జనం పాఠశాలను మాత్రం మరువలేదు.

అటువంటి విద్యాస్థానాలు దేనిపై ఆధారపడి జీవించాయి? 673లో సమీపాన ఉన్న తామ్రలిప్తి రేవులో దిగిన చైనా భిక్షువు ఇత్సింగ్ అక్కడ సంస్కృతం అభ్యసించాడు. విహార భూములను సాగుచేసే కౌలుదారులు పంటను మూడు భాగాలు చేసి, ఒకటి విహారానికిచ్చి, రెండు తాము తీసుకొనేవారని ఆయన వ్రాశాడు. ఆ చదువు వెనుక దున్నేవాని శ్రమ ఉన్నదన్నమాట.

తెలుగువారమైన మనకిది పరాయి చరిత్ర కాదు. నాగార్జునకొండలో ఉపాసిక బోధిసిరి సింహళ ఆచార్యుల కొరకు చైత్యగృహం కట్టించింది. ఆ 3వ శతాబ్ది శాసనం, వారు ధమ్మాన్ని వ్యాపింపజేసిన దేశాలలో వంగదేశాన్నీ పేర్కొన్నది. పొట్టకూటికై రైళ్లు ఎక్కి మన పెద్దలు ఈ వంగభూమికి రాకముందే ఆ పేరు మన కృష్ణాతీరపు రాతిపై ఉన్నది.

విహారాలు రాళ్లూ ఇటుకలూ లేక పాడుపడలేదు. నేర్చేవారూ పోషించేవారూ లేక పాడుపడ్డాయి. నేడు మొఘల్‌మారిలో గ్రామ యువకులు గ్రంథాలయం నడుపుతూ ఆ దిబ్బకు కావలి కాస్తున్నారు. మనమూ ఒక నియమం పెట్టుకుందాం: విగ్రహాలకూ ఉత్సవాలకూ వసూలయ్యే ప్రతి విరాళంలో మూడవ భాగం పిల్లల చదువుకు, పుస్తకాలకు వేరుగా ఉంచుదాం. ఆనాటి రైతు ఇచ్చిన వంతు కంటే అది ఎక్కువేమీ కాదు.

భవతు సబ్బ మంగళం.