పేరు లేని గోలీ



మాది షోలాపూర్. నాయన సాంచెల మీద చద్దర్లు నేసేవాడు, అమ్మ బీడీలు చుట్టేది. నేను చదివింది ఫార్మసీ. అందుకే మన ఇండ్లల్లో చాయ్ తర్వాత ఎక్కువ నడిచే సరుకు గురించి మాట్లాడుతా: నొప్పుల గోలీ.

పొద్దంతా నిలబడ్డ కాళ్లకు, వంగిన నడుముకు గోలీ వేసుకోవద్దని చెప్పే ధైర్యం నాకు లేదు. తెల్లారితే మళ్లీ సాంచె నడవాలె కదా. నా బాధ వేరే.

మా మేనత్తకు నడుంనొప్పి అంటే, మూలమీది దుకాణంలో నాలుగు రకాల గోలీలు కత్తిరించి పొట్లం కట్టి ఇచ్చిండ్రు. రెండు వారాలకు జ్వరం, కండ్ల మంట, నోటినిండా పుండ్లు. ఆ తర్వాత ఒంటిమీద ఎర్రటి మచ్చలు, పొక్కులు. అమ్మవారు పోసిందనుకున్నం. వేపాకు పరిచి పడుకోబెట్టినం. జ్వరం తగ్గాలని అదే పొట్లంలోంచి ఇంకో గోలీ వేసినం! మూడో రోజు వీపు మీద తోలు తడి కాగితం లెక్క లేచొచ్చింది. పెద్దాసుపత్రిలో డాక్టర్ మొదట అడిగింది, "ఏ మందు వేసుకుంది?" అని. మా చేతిలో పొట్లం కాగితం ఉంది, మందు పేరు లేదు.

అత్త బతికింది. ఒక కన్ను మసకబారింది.

దీన్ని స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ అంటారు. 1922లో దీని గురించి రాసిన ఇద్దరు అమెరికా డాక్టర్ల పేర్లవి. చాలా అరుదు, పది లక్షల మందిలో ఏడాదికి కొద్దిమందికే వస్తుంది. నొప్పి మందుల్లో పైరాక్సికామ్, మెలాక్సికామ్ లాంటివాటితో ముప్పు ఎక్కువ. మన ఆడపిల్లలు నెలసరి నొప్పికి వేసుకునే మెఫినామిక్ యాసిడ్ మీద కూడా 2023 నవంబర్ 30న ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ హెచ్చరిక ఇచ్చింది. అది డ్రెస్ సిండ్రోమ్ అనే ఇంకో జబ్బు గురించి. రెండు నుంచి ఎనిమిది వారాలకు జ్వరం, దద్దుర్లు, గ్రంథుల వాపు వస్తాయి, కాలేయం దాకా పోవచ్చు. అంత ఆలస్యంగా వస్తే గోలీ మీద ఎవరికి అనుమానం వస్తుంది?

దద్దుర్లతో జ్వరం, కండ్ల మంట, నోటిపుండ్లు కలిసి వస్తే గోలీ ఆపి అదే రోజు పెద్దాసుపత్రికి పోండి. పేరున్న స్ట్రిప్ లేకుండా మందు తీసుకోకండి. కత్తిరించి ఇచ్చేటట్టయితే ముందే సెల్లులో ఫోటో తీసుకోండి. ఎందుకంటే ఒకసారి పడని మందు మళ్లీ వేసుకుంటే రెండోసారి ప్రాణానికే రావచ్చు. మందు పడకపోతే 1800-180-3024కు మీరే ఫోన్ చేసి చెప్పొచ్చు, పైసలు పడవు.

మా అత్తకు చదువు రాదు. ఇప్పుడు ఏ స్ట్రిప్ చేతికిచ్చినా మనవరాలితో పేరు చదివించుకునేదాకా నోట్లో వేసుకోదు.